కోడలి బరువు ఎవరడగాలి

షాకుల బాబాయ్ లోకంలో చాలామందిని నమ్ముతాడు గానీ, బరువు విషయంలో మాత్రం కన్నతల్లి చెప్పినా నమ్మడు.

ఆయన పని అలాంటిది. మోటారుసైకిళ్ల షాకబ్జార్లు బాగుచేస్తాడు. ఇంజను జోలికి పోడు, రంగుల జోలికి పోడు, చైను బిగించమంటే పక్క వీధి చూపిస్తాడు. ముందు ఫోర్కులు, వెనక షాకు, వాటిలో స్ప్రింగులు, ఆయిలు, సీళ్లు. అంతే ఆయన లోకం. బండి ఎవరు తెచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "మీ బరువెంతండీ?" మనిషి బరువుని బట్టే స్ప్రింగు. అది తప్పితే తక్కిన పనంతా ఎంత ముద్దుగా చేసినా దండగే.

వచ్చినవాళ్లు నిజం చెప్పరు. పొట్ట లోపలికి పీల్చి ఒక అంకె చెబుతారు. బాబాయ్ "అలాగా" అని తలూపి, విన్నట్టే విని, "సరే, ఎక్కి కూచోండి" అంటాడు. ఉత్తినే ఎక్కితే ఒప్పుకోడు. హెల్మెట్టు, తోలు సూటు, బూట్లు, చేతి తొడుగులు, అన్నీ వేసుకుని ఎక్కాలి. అవన్నీ కలిస్తే పది కిలోలుంటాయి, మనిషి బరువేదో సూటు బరువేదో స్ప్రింగుకేం తెలుసు. ఎక్కి కూచున్నాక భుజాలు పట్టి ఒకట్రెండుసార్లు కిందికి అదిమి వదులుతాడు. అప్పుడు బండి ఎంత కుంగిందో టేపు పెట్టి చూస్తాడు. మరీ కుంగితే స్ప్రింగు మెత్తన, కుంగకపోతే గట్టి. రోడ్డు మీద తిరిగే బండికి ఒక కొలత, రేసు ట్రాక్ మీద తిరిగే బండికి ఇంకో కొలత.

"హెల్మెట్‌తో సహా" అన్న మాట ఆ ఇంట్లో ఎంత నలిగిందంటే, షెడ్డు ముందు గదిలో కూచుని ఫోన్లెత్తే పిన్ని కూడా ఎవరైనా బరువు చెప్పగానే ఒక పది కలిపేసి రాసుకునేది. వాళ్లబ్బాయి చిన్నప్పుడు బళ్లో బరువు తూచినా ఇంటికొచ్చి పది కలిపే చెప్పేవాడట. ఆ అబ్బాయి ఇప్పుడు పళ్ల డాక్టరు. రెండు చక్రాల బండంటే ఆమడ దూరం. సైకిలు నేర్పబోతే మోకాలు చీరుకుపోయి, అప్పట్నించీ కాలినడకనో కారునో నమ్ముకున్నాడు. ఒక్కగానొక్క కొడుక్కి తన పని మీద ఇంతైనా మనసు లేదే అని బాబాయ్‌కి లోపల్లోపల దిగులుండేది. పైకి మాత్రం "వాడి చెయ్యి సుతారం, పళ్లకే పనికొస్తుంది" అనేవాడు.

ఆ దిగులు కోడలొచ్చి తీర్చింది.

ఆవిడ లెక్కల టీచరు. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడే తన బండి మీద వచ్చింది. హెల్మెట్టు తీసి, పిన్నికి నమస్కారం పెట్టి, కుర్చీలో కూచోకుండా షెడ్డులోకి తొంగిచూసి, "ముందు ఫోర్కుల్లో ఏ ఆయిలు పోస్తారండీ మీరు?" అని అడిగింది. బాబాయ్ గబగబా ఆయిలు డబ్బాలన్నీ తెచ్చి ఆవిడ ముందు పేర్చాడు. ఆ రోజు ఆయిళ్ల గురించి ఆయన మొదలెట్టిన ఉపన్యాసం చల్లారిపోయిన టీ దగ్గర్నించి మళ్లీ పెట్టిన టీ దాకా సాగింది. పెళ్లికొడుకు మూలన కూచుని గోళ్లు చూసుకున్నాడు.

మామూలు రోజుల్లో కోడలు ఆ బండి మీదే బడికి వెళ్లొచ్చేది. సెలవు రోజుల్లో ఊరి బయట ట్రాక్ మీద తిప్పేది. సాయంత్రం ఇంటికొచ్చి, తిరగేసిన ఆయిలు డబ్బా మీద కూచుని, ఏ మలుపులో ఏమైందో చేతులు తిప్పుతూ చెప్పేది. బాబాయ్ స్పానరు పక్కన పెట్టేసి వినేవాడు. రోజంతా పనిచేసిన ఒళ్లునొప్పులు ఆ గంటలో ఎటు పోయేవో ఎటు పోయేవి. ఆయనకి ఆ గంటంటే ప్రాణం. ఎవరికీ చెప్పలేదు గానీ, ప్రాణమే.

ట్రాక్ మీద మూడు జట్లుంటాయి. నిదానంగా పోయేవాళ్లు, మధ్యస్తం, వేగస్తులు. కోడలు మధ్యజట్టులో అందరికంటే ముందుండేది. వానలు వెళ్లాక వేగస్తుల్లోకి తీసుకుంటానని అక్కడ నేర్పే మాస్టారు మాటిచ్చాడు. ఆ మాట విన్నప్పట్నించీ బాబాయ్‌కి కాలు నిలవలేదు. కంపెనీ ఇచ్చిన ఆ మామూలు షాకుల మీద పిల్ల ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది. వానాకాలం ట్రాక్ మూసేస్తారు కదా, ఆ నెలల్లో బండి విప్పి, ముందు ఫోర్కుల్లోకి కొత్త సరంజామా, వెనక మంచి షాకు, అన్నీ తన చేత్తో బిగించి ఇవ్వాలనుకున్నాడు. కోడలు వద్దు వద్దంటూనే మొహం చేటంత చేసుకుంది.

అన్నీ సిద్ధం చేసుకున్నాక వచ్చింది చిక్కు. బరువు కావాలి.

ఊళ్లో ఉన్న మగవాళ్లందర్నీ నిలేసి అడిగే మనిషి, కోడల్ని అడగలేకపోయాడు. "అమ్మా, నీ బరువెంత" అని ఏ మావగారు అడుగుతాడు. పోనీ అడక్కుండా ఎక్కించి కొలుద్దామా అంటే, భుజాలు పట్టి అదమాలి. ఆ ఊహకే చెవులు వేడెక్కాయి. రెండు రోజులు షెడ్డులో అటూ ఇటూ తిరిగి, చివరికి పిన్ని చెవిన వేశాడు.

"ఏమోయ్, అమ్మాయి బరువెంతో కాస్త కనుక్కో."

"నేనా? బాగుంది. అత్తగారు బరువు అడిగిందంటే లావయ్యావని ఎత్తిపొడిచినట్టే. నాకెందుకొచ్చిన గొడవ," అని పిన్ని కొడుకుని పట్టుకుంది. "ఒరే, మీ ఆవిడ బరువెంతరా? మీ నాన్న స్ప్రింగులకి కావాలిట."

పళ్ల డాక్టరు వెళ్లి భార్యని అడగలేదు. అంత ధైర్యం ఉంటే సైకిలు నేర్చుకునేవాడు. ఆ మధ్య ఆస్పత్రిలో ఇద్దరూ పరీక్షలు చేయించుకున్నప్పుడు చీటీ మీద చూసిన అంకె గుర్తుంది. దాన్ని బట్టి ఒక అంకె వాళ్లమ్మకి చెప్పాడు. ఆవిడ వెళ్లి బాబాయ్‌కి చెప్పింది. బాబాయ్ మనసులో లెక్క కట్టుకుని, పెట్టెలోంచి దానికి తగ్గ స్ప్రింగులు తీసి, బిగించి, ఆయిలు పోసి, బండిని బయటికి తీశాడు. వీధి చివరి దాకా, అక్కణ్ణించి గుంతల రోడ్డు మీదుగా పెద్ద రోడ్డు దాకా తనే నడిపి చూసుకున్నాడు. వెన్నలా పోయింది. గుంత మీద పడ్డా కుదుపు నడుం దాకా రాలేదు. ఇంత మంచి పని తన చేతుల్లోంచి ఎప్పుడూ రాలేదని ఆయనకే అనిపించింది.

కోడలు మర్నాడు బడికి తీసుకెళ్లి వచ్చి, "చాలా బాగుంది మావయ్యా," అంది. బాబాయ్ మురిసిపోయాడు. ఆ మాట అనేటప్పుడు కోడలి కళ్లు బండి వైపు లేవని ఆయన చూడలేదు.

వానలు వెలిశాయి, ట్రాక్ తెరిచారు. మొదటిసారి వెళ్లొచ్చిన సాయంత్రం కోడలు డబ్బా మీద కూచుంది గానీ చేతులు తిప్పలేదు. "ఇవాళ కుదర్లేదు మావయ్యా, చాలా నెలలైంది కదా," అంది. రెండోసారి వెళ్లొచ్చి, తలనొప్పని లోపలికి వెళ్లిపోయింది. తర్వాత తెలిసింది, మధ్యజట్టులో కూడా చివరికి పడిపోయిందట. మాస్టారు కొన్నాళ్లు నిదానం జట్టులో తిరగమన్నాడట.

ఒక రాత్రి భోజనాల దగ్గర కోడలు పళ్లెంలోకి చూస్తూ చెప్పింది.

"బండి ఇచ్చేద్దామనుకుంటున్నాను. మా స్కూల్లో సైన్సు సార్ వాళ్లన్నయ్య అడుగుతున్నాడు. ఈ ఆదివారం ట్రాక్ దగ్గరికే వచ్చి చూసుకుంటానన్నాడు. ఆఖరిసారి నేనూ నాలుగు చుట్లు తిరిగినట్టుంటుంది."

"అదేంటమ్మా," అంది పిన్ని.

"నాకే ధైర్యం తగ్గినట్టుంది అత్తయ్యా. మలుపులో బండి వంచాలంటే ఒళ్లు బిగుసుకుపోతోంది. ఇంత మంచి షాకులు పెట్టుకుని కూడా నడపలేకపోతున్నానంటే ఇంక లోపం నాలోనే కదా."

బాబాయ్ ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు. బండి పోతే పోయింది, ఊళ్లో బళ్లకేం కరువు. కానీ ఆ డబ్బా మీద సాయంత్రాలు? పిల్ల మొహంలో ఆ వెలుగు? లోపం నాలోనే అని తల దించుకున్న ఆ తీరు ఆయన్ని మరీ బాధపెట్టింది. "ఎందుకమ్మా భయం" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. గదిలోకి వెళ్లాక పిన్నితో, "అమ్మాయికి ఏమైందో కనుక్కో," అన్నాడు. పిన్ని కొడుక్కి చెప్పింది. కొడుకు ఎవర్నీ అడక్కుండానే, "స్కూల్లో పని ఎక్కువైందట్లే," అని వార్త మోసుకొచ్చాడు. ఆ ఇంట్లో ప్రశ్నలు అలాగే తిరిగేవి, జవాబులు అలాగే వచ్చేవి.

ఆదివారం షెడ్డు మూసి నలుగురూ బయల్దేరారు. ఆఖరిసారి అంటున్నప్పుడు ఇంట్లో ఎలా కూచుంటాం అంది పిన్ని. బాబాయ్ వ్యానులో బండి ఎక్కించి, పనిముట్ల పెట్టె, స్ప్రింగుల పెట్టె కూడా పడేశాడు. ట్రాక్ దగ్గరికి వెళితే నలుగురు నాలుగు పనులు చెబుతారు, తప్పించుకోలేడు. బాబాయ్ అక్కడికి వచ్చి చాలా కాలమైంది. ఆదివారాలే షెడ్డుకి గిరాకీ ఎక్కువ కావడంతో, కోడలి స్వారీ అంతా ఆయన చెవులతో చూసిందే.

పొద్దున్నే ఎండ ఇంకా మెత్తగా ఉంది. షెడ్ల వరస, షెడ్ల ముందు విప్పేసిన బళ్లు, రబ్బరు వాసన, టైర్లకి చుట్టిన వేడి దుప్పట్లు. కోడలు సూటు వేసుకుని జిప్పు మెడ దాకా లాక్కుని, ఎవరివైపూ చూడకుండా వెళ్లింది. పిన్ని నీడలో కుర్చీ వేసుకుంది. బాబాయ్ కాళ్లాడించుకుంటూ కంచె పక్కగా రెండో మలుపు దాకా నడిచాడు. అక్కడ తారు అతుకులేసిన చోటు ఉంది. బండి వంగి ఉండగా ఆ అతుకుల మీదుగా పోవాలి. షాకులు మంచివో కావో అక్కడ తేలిపోతుంది.

ఒకటి తర్వాత ఒకటి బళ్లు వచ్చాయి. అతుకుల మీద చక్రాలు లోపలికి ముడుచుకుని, మళ్లీ చాచుకుని, నేలని అంటిపెట్టుకునే పోయాయి. తర్వాత కోడలు వచ్చింది. వంచింది. అతుకు తగిలింది. ముందు చక్రం ముడుచుకోలేదు. చిన్నగా ఎగిరింది, రవ్వంత పక్కకి జరిగి దిగింది. కోడలి భుజాలు బిగుసుకోవడం అంత దూరం నుంచీ కనబడింది. మరుసటి చుట్టులోనూ అంతే.

బాబాయ్ కంచె కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. భయపడని మనిషెవరైనా ఉంటే ఆ బండి మీద ఎక్కించి చూడాలి అనుకున్నాడు. బండి అలా గెంతుతుంటే పిల్ల ఇన్నాళ్లూ దాన్ని పడెయ్యకుండా నడుపుకొస్తోందంటే, ఈవిడకి ధైర్యం తగ్గడమేమిటి. మరి గుంతల రోడ్డు మీద తనకి వెన్నలా పోయిన బండి ఇదేనా?

కోడలు లోపలికి వచ్చి బండి దిగగానే ఆయన మోకాళ్ల మీద కూచుని ముందు ఫోర్కు చూశాడు. మెరిసే గొట్టానికి ఒక సన్నటి ప్లాస్టిక్ కట్టు కట్టి ఉంటుంది. ఫోర్కు కుంగినప్పుడు అది పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. గట్టిగా బ్రేకు కొట్టాక అది పైదాకా వెళ్లి, మీద ఒక వేలెడు చోటు మిగలాలి. ఇక్కడ సగం దాకా కూడా రాలేదు. అంత బ్రేకు కొట్టినా ఫోర్కు సగం కూడా కుంగలేదు. స్ప్రింగు రాయిలా ఉంది.

ఆయన లేచి, చేతులు తుడుచుకుంటూ, నీడలోకి వచ్చి కొడుకు ముందు నిలబడ్డాడు.

"ఒరే, అమ్మాయి బరువు ఎంతని చెప్పావు?"

"ఇప్పుడెందుకు నాన్నా?"

"చెప్పు."

కొడుకు చెప్పాడు. చెప్పి, "హెల్మెట్, సూటు అన్నీ కలిపే చెప్పాను. నాకా మాత్రం తెలీదా," అన్నాడు కాస్త గొప్పగా.

బాబాయ్ మెల్లగా పిన్ని వైపు తిరిగాడు. పిన్ని కుర్చీలో సర్దుకుంది.

"నాకు నువ్వు చెప్పిన అంకె అది కాదే."

"మరి వాడు ఉత్తి బరువు చెప్పాడనుకుని నేనూ ఒక పది వేశాను. ఎప్పుడూ వేసేదే కదండీ. మీరేగా నేర్పారు."

బాబాయ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నేనూ వేశాను," అన్నాడు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కోడలు ఒక్కతే గానీ, ఆవిడ చేత మూడు హెల్మెట్లు పెట్టించి, మూడు తోలు సూట్లు తొడిగించి, మూడు జతల బూట్లు వేయించి, ఆ బరువుకి స్ప్రింగులు కట్టారు. సుమారుగా అది బాబాయ్ బరువు. అందుకే ఆయన కింద బండి వెన్నలా పోయింది. ఊరందరికీ టేపు పెట్టి కొలిచే మనిషి ఇంట్లో మనిషి దగ్గరికొచ్చేసరికి సిగ్గుపడి ఊరుకున్నాడు. ఆ సిగ్గంతా పాపం ఆ పిల్ల నడుం మీద పడింది.

ముందు పళ్ల డాక్టరుకి నవ్వొచ్చింది. బాబాయ్ ఒక్క చూపు చూసేసరికి మింగేశాడు. నవ్వే పని కాదిది. పిల్ల ఇన్నాళ్లూ తనని తాను తక్కువ చేసుకుంది. బండి అమ్ముకోవడానికి సిద్ధపడింది. కింద పడి ఉంటే?

కోడలు అప్పుడే హెల్మెట్టు తీసి, నీళ్ల సీసా ఎత్తింది. బాబాయ్ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. ఎన్నడూ లేంది, కళ్లలోకి చూశాడు.

"అమ్మా, నీ బరువెంత?"

"యాభై రెండు," అంది కోడలు. నీళ్లు తాగడం కూడా ఆపలేదు. తాగి, మూత పెట్టి, "ఏం మావయ్యా?" అంది.

అంతే. కొండంత అనుకున్నది ఆ పిల్లకి చీమంత కూడా కాలేదు. బాబాయ్ జరిగిందంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. కోడలు వింటూ వింటూ అత్తగారి వైపు, మొగుడి వైపు చూసింది. పిన్ని కొంగు సర్దుకుంది. పళ్ల డాక్టరుకి ఉన్నట్టుండి ఆకాశంలో ఏదో కనబడింది.

"నన్నడగొచ్చు కదా," అంది కోడలు.

"అడగొచ్చు," అన్నాడు బాబాయ్. "నాదే తప్పు. మరి నువ్వైనా బండి గట్టిగా ఉంది, గెంతుతోంది అని ఒక్క మాట అనుంటే..."

"ఎలా అంటాను మావయ్యా. నిద్ర మానుకుని కూచుని చేశారు. వీధంతా చెప్పుకున్నారు. అంత ప్రేమగా ఇచ్చింది బాలేదని ఎలా అనను. మీ పనిలో తప్పుంటుందని నా ఊహకి కూడా రాలేదు. నాకే చేతకావట్లేదనుకున్నాను."

బాబాయ్‌కి కళ్లు చెమ్మగిల్లాయి. దాచుకోవడానికి పనిముట్ల పెట్టె దగ్గరికి వెళ్లి వంగాడు.

"సూటు విప్పకు," అన్నాడు అటునించే. "బూట్లు, హెల్మెట్టు, అన్నీ ఉండాలి. ఒరే డాక్టరూ, ఇటు రా. బండి ముందు చక్రం పట్టుకో. ఏమోయ్, ఆ టేపు నువ్వు పట్టు."

స్ప్రింగులు మార్చే పని భోజనాల వేళ దాకా సాగింది. బండి ముందు భాగం ఎత్తి నిలబెట్టి, ఫోర్కుల మీది మూతలు విప్పి, ఆ గట్టి స్ప్రింగుల్ని బయటికి లాగి, నూనె కారకుండా పాత గుడ్డ మీద పడుకోబెట్టాడు. కావలసినవి పెట్టెలో ఉన్నాయి. ఒక బక్కపలచని పెద్దమనిషి బండికి వేద్దామని తెచ్చినవి, ఆయనకి వచ్చే వారం చూసుకోవచ్చు. వెనక షాకు విప్పడం కష్టమైంది. స్ప్రింగుని అదిమి పట్టే బిగింపులో పెట్టి తిప్పుతుంటే, స్ప్రింగుని పట్టి ఉంచే చిన్న ఇనప రింగు లోపల చిక్కుకుపోయింది. బాబాయ్ మొద్దు వేళ్లకి అందలేదు. పళ్ల డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి, "జరుగు నాన్నా," అని రెండు వేళ్లు దూర్చి పన్ను పీకినంత నెమ్మదిగా దాన్ని బయటికి తీశాడు. బాబాయ్ కొడుకు వైపు కొత్తగా చూశాడు. కొడుకు నూనె చేతులు చూసుకుని మొహం చిట్లించాడు గానీ, అక్కణ్ణించి కదల్లేదు.

ఆఖరికి కోడలు ఎక్కి కూచుంది. ఈసారి బాబాయ్ సిగ్గుపడలేదు. భుజాలు పట్టి అదిమి వదిలాడు. పిన్ని కళ్లజోడు సర్దుకుని టేపు చదివింది. పళ్ల డాక్టరు మళ్లీ చదివాడు. బాబాయ్ ఇద్దర్నీ నమ్మకుండా తనే వంగి చూశాడు. వెనక కొద్దిగా సర్ది, మెత్తని స్ప్రింగుకి తగ్గట్టు షాకు గట్టితనం సర్దే స్క్రూలు నాలుగు క్లిక్కులు వదులు చేసి, మళ్లీ ఎక్కించి, మళ్లీ కొలిచి, అప్పుడు వదిలాడు.

"ముందు మెల్లగా రెండు చుట్లు తిరుగు. అతుకుల దగ్గర బండి ఏం చెబుతుందో విను. ఏం చెప్పినా వచ్చి నాకు చెప్పు. బాలేకపోతే బాలేదనే చెప్పు."

"చెబుతాను మావయ్యా."

మధ్యాహ్నం ఎండలో బాబాయ్ మళ్లీ ఆ రెండో మలుపు దగ్గరికే వెళ్లాడు. ఈసారి పిన్నీ, పళ్ల డాక్టరూ కూడా వెంట వచ్చారు. మొదటి చుట్టు కోడలు మెల్లగా వచ్చింది, అతుకుల్ని తప్పించుకుంటూ. రెండో చుట్టు వాటి మీదుగానే వచ్చింది. చక్రం లోపలికి ముడుచుకుని, చాచుకుని, నేల వదలకుండా పోయింది. మూడో చుట్టుకి ముందు ఇద్దరున్నారు. నాలుగో చుట్టుకి ఆ ఇద్దరూ వెనకున్నారు. బాబాయ్ పిన్ని చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో అలా పట్టుకునే అలవాటు ఆయనకి లేదు. పిన్ని వదిలించుకోలేదు.

కోడలు లోపలికొచ్చి బండి ఆపి, హెల్మెట్టు తీసింది. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుపోయి ఉంది. మొహం వెలిగిపోతోంది.

"వెనక ఇంకా ఒక్క క్లిక్కు వదులు చెయ్యాలి మావయ్యా. మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు కొంచెం తంతోంది. ముందు మాత్రం..." అని ఆగి, మాట దొరక్క, చేతులు తిప్పి చూపించింది.

మాస్టారు అటుగా పోతూ, "పొద్దున్న నడిపింది మీరేనా, లేక మీ చెల్లెలా?" అని నవ్వి, వచ్చేవారం వేగస్తులతో పొద్దున్నే రమ్మని చెప్పి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు కొనే ఆయన. సైన్సు సార్ వాళ్లన్నయ్య. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నెమ్మదస్తుడు. అందరికీ నమస్కారం పెట్టి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక షాకు దగ్గర వంగి చూసి, "బాబాయ్ గారి చేతిపనంటే చెప్పేదేముంది. ఒకసారి కూచోవచ్చా?" అన్నాడు. కూచున్నాడు. బండి వెనక భాగం ఆయన కింద చతికిలబడింది. అయినా ఆయనకి నచ్చింది. "మరి మాట్లాడుకుందామా?" అన్నాడు నవ్వుతూ.

కోడలు చేతి తొడుగులు విప్పుకుంటోంది, తల ఎత్తలేదు. మాటిచ్చింది కదా. బాబాయ్ పిన్ని వైపు చూశాడు. పిన్ని కొడుకు వైపు చూసింది. కొడుకు నూనె మరకలైన తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇంక మిగిలింది ఎవరో బాబాయ్‌కి అర్థమైంది.

ఆయన రెండడుగులు వేసి కోడలి దగ్గరికి వెళ్లాడు.

"బండి ఇచ్చేయాలని ఉందా అమ్మా నీకు?"

కోడలు తలెత్తింది. కళ్ల నిండా నీళ్లున్నాయి, నవ్వుతోంది.

"లేదు మావయ్యా. అస్సలు లేదు. కానీ మాటిచ్చాను, పాపం ఇంత దూరం వచ్చారు ఆయన. ఏం చెప్పాలో తెలీట్లేదు."

"నేను చెబుతాను," అన్నాడు బాబాయ్. వెనక్కి తిరిగి, కొనే ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమనుకోకండి బాబూ. మీకు కావాలంటే ఇంకో బండి చూసి పెడతాను, దగ్గరుండి మీ కొలతకి చేసిస్తాను. ఇది మాత్రం మీకు పనికిరాదు. ఇది మా అమ్మాయి బరువుకి కట్టిన బండి."